ఒక గంట మౌనం మీద నా ఫిర్యాదు

మా ఆయన పోయిన నాలుగో రోజున ఎదురింటాయన వచ్చి సోఫాలో గంటసేపు కూర్చున్నారు. ఒక్క మాట మాట్లాడలేదు. ఎలా జరిగిందని అడుగుతారేమో, ధైర్యం చెబుతారేమోనని ఎదురుగా కూర్చుని చూశాను. పరామర్శకి వచ్చినవాళ్ళే కదా ముందు నోరు విప్పాల్సింది. చివరికి లేచి, తల వంచి వెళ్ళిపోయారు. అమెరికా వచ్చి ఈ పిస్కాటవే ఊళ్ళో ఇన్నేళ్ళున్నాను, అంత అవమానం నాకెవరూ చెయ్యలేదు.

ఎవరో పొరుగువాడైతే ఊరుకునేదాన్ని. ఆయన రిటైరైన ప్రొఫెసర్, యూదుడు. ప్రతి మంగళవారం లైబ్రరీలో యూదుల మార్మికచింతన గురించి క్లాస్ చెప్పేవారు. మూడు నెలలు ఒక్క వారం కూడా మానకుండా వెళ్ళాను.

తొలినాళ్ళలో వాళ్ళ సాధకులు ధ్యానంలో పై లోకాలన్నీ దాటి, దేవుడి సింహాసన రథాన్ని చూడాలని తపించేవారట. కొన్ని వందల ఏళ్ళ తర్వాత స్పెయిన్‌లో కబ్బాలా అనే మార్మిక సంప్రదాయం వికసించింది. అందులో దేవుడి అసలు స్థితి ‘ఐన్ సోఫ్’, అంటే అంతం లేనిది. దాని గురించి ఏమీ చెప్పలేం. అది లోకానికి తెలిసేది జ్ఞానం, దయ, తీర్పు లాంటి పది వెలుగుల ద్వారా. నేను చెయ్యెత్తి, ఇది మా నిర్గుణ బ్రహ్మమే కదా అన్నాను. ముందు దీన్ని దీనిలాగే విందాం, పోలికలు తర్వాత అన్నారు, అందరి ముందూ. అదీ మర్చిపోలేదు.

స్పెయిన్ యూదుల్ని వెళ్ళగొట్టాక కొందరు ఇప్పటి ఇజ్రాయెల్‌లో, గలిలయ కొండల మీదున్న సఫేద్ అనే ఊరు చేరారు. ఊరు పోగొట్టుకున్న వాళ్ళ మధ్య కొత్త ఊహ పుట్టింది. అంతటా నిండి ఉన్న దేవుడు, లోకానికి చోటివ్వడానికి తనను తాను వెనక్కి ముడుచుకున్నాడట. ఆ ఖాళీలోకి వచ్చిన వెలుగును మొయ్యలేక పాత్రలు పగిలి, రవ్వలు లోకమంతా చెదిరిపోయాయట. అక్కడిదాకా విన్నాను. ఆ వారమే మా ఆయన గుండె ఆగింది.

తర్వాత క్లాస్‌కి వెళ్ళలేదు. నాతో వచ్చే స్నేహితురాలితో ఆయన రెండుసార్లు కబురు పెట్టారు. రానన్నాను.

"అక్కా, నీ కోపం తీరాలంటే ఆ దేవుడైనా టోకెన్ తీసుకుని లైన్‌లో నిలబడాలి" అంది.

నవ్వలేదు. రెండేళ్ళు ఆయన వీధిలో కనబడి చెయ్యెత్తితే లోపలికొచ్చి తలుపేసుకున్నాను.

ఈ వసంతంలో ఆయన పోయారు. పోయినవాళ్ళతో పంతం దేనికని వెళ్ళాను. బెల్ కొట్టాను, ఎవరూ రాలేదు. తలుపు తీసే ఉంది. లోపల ఎందుకో అద్దాల మీద దుప్పట్లు కప్పారు. ఆయన కూతురు పొట్టి స్టూల్ మీద కూర్చుని ఉంది. చుట్టూ పదిమంది ఉన్నా మాటల్లేవు. దగ్గరికెళ్ళి, ఎలా జరిగిందమ్మా అని మొదలుపెట్టాను. పక్కనున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని మెల్లగా కూర్చోబెట్టింది. దుఃఖంలో ఉన్నవాళ్ళు మాట్లాడేదాకా వచ్చినవాళ్ళు మాట్లాడకూడదని, అది తమ పద్ధతని చెవిలో చెప్పింది.

కూర్చున్నాను. ఆ రోజు గంటసేపూ ఆయన నా మాట కోసం ఆగారు, నేను ఆయన మాట కోసం ఆగాను.

చాలాసేపటికి కూతురు నావైపు చూసింది.

"మీరు ఎదురింటి ఆంటీ కదా. నాన్న రావడం మీకు నచ్చలేదనుకున్నారు. ఒక్క మాట కూడా అనలేదు ఆవిడ, అని బాధపడ్డారు."

"నన్నే అడగొచ్చు కదమ్మా."

"మీరూ అడగొచ్చు కదా" అంది. కోపంగా అనలేదు, అందుకే ఎక్కువ తగిలింది.

మిగిలిన పాఠం పుస్తకాల్లో చదువుకున్నాను. చెదిరిన రవ్వల్ని పైకెత్తి లోకాన్ని బాగుచెయ్యడం మనుషుల పనట. ప్రార్థనతో, చేసే మేలుతో, తినేముందు చెప్పే దీవెనతో కూడా. తర్వాత తూర్పు యూరప్‌లోని పేద యూదులు అదే ఆలోచనను పాటగా, ఆనందంగా మార్చుకున్నారట. చదువుతుంటే ప్రశ్నలొస్తాయి. రవ్వల్ని గుర్తుపట్టేదెలా? అన్నీ దొరుకుతాయా? అడగడానికి ఆయన లేరు.

నా తప్పుంది, కాదనను. కానీ మూడు నెలలు సృష్టి ఎలా మొదలైందో చెప్పిన మనిషి, తమవాళ్ళు పరామర్శకి వస్తే ఎలా కూర్చుంటారో ఒక్క మంగళవారం చెప్పి ఉండాల్సింది. ఈ మాట ఆయన మొహం మీదే అనాలని ఉంది. ఎదురింటి ముందు నిన్న 'ఫర్ సేల్' బోర్డు పాతారు.