బయటపడ్డ లంబం

నిజాంపేట నుంచి గచ్చిబౌలి వెళ్లే బస్సులో కూర్చుని, మర్నాటి పాఠం కోసం ట్యాబ్‌లో బొమ్మ వేసుకుంటున్నాను. త్రిభుజ వైశాల్యం భూమి, ఎత్తుల లబ్ధంలో సగమని మాటల్లేకుండా రుజువు చేసే బొమ్మ. త్రిభుజం చుట్టూ దీర్ఘచతురస్రం, పైమూల నుంచి కిందికి ఒక లంబం. దానికి అటూ ఇటూ ఉన్న ఒక్కో ముక్కలో త్రిభుజానిది సరిగ్గా సగం. చూస్తే చాలు, అర్థమైపోతుంది.

పక్కసీట్లో, మెడలో ఆఫీసు కార్డుతో ఉన్న నడివయసు మనిషి తొంగిచూశాడు.

"పిల్లలకు గిదే చెప్తరా?"

"అవునండీ. మీకేమైనా ఇబ్బందా?"

"నా బిడ్డకు గిట్లనే చెప్పిండ్రు. పరీక్షల త్రిభుజం జర పక్కకు వాలేసరికి పరేషానై, పేపర్ వదిలేసి ఏడ్చుకుంట వచ్చింది."

"దానికి నేనేం చేస్తానండీ? మీ పని మీరు చూసుకోండి."

ఆయన చెయ్యి చాచి, నా బొమ్మ పైమూలను వేలితో నొక్కి కుడివైపుకు లాగేశాడు. త్రిభుజం వాలిపోయింది. లంబం భూమిని దాటి బయటపడింది. నా సగాలు రెండూ మాయమయ్యాయి.

"ఇగ చూస్తే అర్థమైతదా? చెప్పు."

ట్యాబ్ లాక్కుని, లేచి వెళ్లి డోరు దగ్గర నిలబడ్డాను.

ఆ మనిషి మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు. కానీ క్లాసులో పిల్లలు బొమ్మ చూసి "అర్థమైంది సార్" అనగానే, పైమూల పట్టుకుని బయటికి లాగుతాను. నా వేలు కూడా అంత దురుసుగానే కదులుతుంది.