సిద్దమ్మ తినిపించలేని మనవరాలు

ఇబ్రహీంపట్నం బస్ డిపో వెనక గల్లీలో ఉన్న అంగన్‌వాడీకి సిద్దమ్మ ఇరవై రెండేళ్లుగా ఆయా. వంట ఆమెదే, తినిపించడమూ ఆమెదే. మారాం చేసే పిల్లలను తల్లులు ఆమెకే వదిలేసి పోయేవారు. ఒళ్లో కూర్చోబెట్టుకుని, పప్పన్నం మెత్తగా పిసికి, పిల్ల అటు తిరిగితే అటు, ఇటు తిరిగితే ఇటు చెయ్యి తిప్పుతూ పది నిమిషాల్లో గిన్నె ఖాళీ చేయించేది. ఆమె చేతి ముద్ద తిని పెరిగి, ఇప్పుడు శేరిగూడ కాలేజీల్లో చదువుతున్నవాళ్లు కూడా బస్టాండులో కనబడితే ఆగి పలకరిస్తారు. దాని గురించి ఆమెకు గర్వం ఉండేది, దాన్నెప్పుడూ దాచుకోలేదు.

అలాంటి సిద్దమ్మకు మనవరాలు పుట్టింది. కొడుకు ఐలేష్‌కు, కోడలు సింధుకు పెళ్లయిన నాలుగేళ్లకు కలిగిన బిడ్డ. పేరు హన్విక. నెలలు నిండి పుట్టినా కిలోన్నర బరువే తూగింది. నుదురు పెద్దది, గడ్డం సన్నం, కాళ్లూ చేతులూ పుల్లలు. ఎనిమిది నెలలొచ్చినా నాలుగు నెలల పిల్లలా కనిపించేది. ఆకలని ఏడ్చింది లేదు. పాలు నోట్లో పోస్తే పెదవి చివర నుంచి కారిపోయేవి.

ఒక ఉదయం ఒళ్లంతా చెమట పట్టి, కళ్లు తేలేసింది. నగరంలోని పిల్లల దవాఖానకు తీసుకుపోతే రక్తంలో చక్కెర పడిపోయిందన్నారు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ పొడవైన ఇంగ్లీషు పేరొకటి చెప్పింది. చాలా అరుదుగా, పుట్టుకతో వచ్చే ఎదుగుదల లోపమట. ఈ పిల్లలకు ఆకలి తెలియదు, కడుపు ఎక్కువసేపు ఖాళీగా ఉంటే ప్రాణానికే ముప్పు. మొదట ముక్కులోంచి గొట్టం వేశారు. కొన్ని నెలలకు చిన్న ఆపరేషన్ చేసి, పొట్ట మీద నుంచి నేరుగా కడుపులోకి గొట్టం అమర్చారు. మూడు గంటలకోసారి అందులోంచి పాలు పొయ్యాలి.

అది నేర్పే రోజు వార్డులోకి ఒక్కరినే రానిచ్చారు. సింధు లోపలికి పోయింది. సిద్దమ్మ బయట బెంచీ మీద కూర్చుంది. గంట తర్వాత బయటికొచ్చిన కోడలి ముఖంలో ఏదో ధీమా కనబడింది. తన మనవరాలికి కడుపు నింపడం ఈ కోడలికి వచ్చు, తనకు రాదు. సిద్దమ్మ ఆ ఆలోచనను ఇంటిదాకా మోసుకొచ్చింది.

ఇంటికొచ్చాక అది ఇంకా పెరిగింది. సింధు చేతులు కడుక్కుని, పెద్ద సిరంజి తీసి, పాలు కొలిచి, పెదవులు బిగించి పని చేసుకుపోయేది. పక్కన నిలబడితే "అత్తమ్మా, జర వెలుతురుకు అడ్డం రాకు" అనేది. కావాలని అన్నది కాదు. అయినా సిద్దమ్మ ఆ మాటను వంటింట్లోకి తీసుకుపోయి పొద్దంతా నలిపేది. గల్లీలో బుగ్గమ్మ ఒకసారి "అందరి పిల్లలకు తినిపిస్తవు, మీ పిల్ల నీ చేత తినదా?" అని అడిగింది. బుగ్గమ్మ ఊరికే అడిగింది. సిద్దమ్మ మాత్రం ఆమెతో వారం మాట్లాడలేదు.

ఒక ఆదివారం సింధు మిద్దె మీద బట్టలు ఆరేస్తోంది. ఐలేష్ రావిర్యాల వైపు ఫ్యాక్టరీలో డ్యూటీకి పోయాడు. సిద్దమ్మ రాగి జావ కాచి చల్లార్చింది. డబ్బా పాలపొడి తిండేనా, ఇంటి జావ పడితే పిల్ల రెండు వారాల్లో కండ పడుతుందని ఆమె నమ్మకం. నమ్మకం కింద ఇంకొకటి ఉంది: ఒక్కసారైనా తన చేతి తిండి ఆ కడుపులో పడాలి. సిరంజిలో జావ పోసింది. సగం పోయి ఆగింది. సిరంజి వెనక నెట్టే కాడ పెట్టి గట్టిగా నొక్కింది. పిల్ల కేకపెట్టి ఏడ్చింది.

సింధు పరుగున దిగి వచ్చింది. గోరువెచ్చని నీళ్లతో ఎంత ప్రయత్నించినా గొట్టం తెరుచుకోలేదు. ఇద్దరూ పిల్లను తీసుకుని దవాఖానకు పోయారు. గొట్టం మార్చేటప్పుడు హన్విక ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది. "చెప్పింది వినకుంటె ఎట్లమ్మా, జావ ఎవరు పొయ్యమన్నరు?" అని డాక్టరమ్మ సింధును గద్దించింది. సింధు తలదించుకుని "తప్పయింది మేడం" అంది. అత్త పేరు ఎత్తలేదు.

ఇంటికొచ్చాక పిల్లను పడుకోబెట్టి ఒక్క మాట అంది. "అత్తమ్మా, ఇగ నువ్వు దాన్ని ముట్టకు."

సింధు శేరిగూడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఆఫీసులో పనిచేసేది. సెలవు అయిపోయింది. పగలు పిల్లను అంగన్‌వాడీలో అత్త దగ్గరే ఉంచుదామని మొదటి నుంచి అనుకున్న మాట. ఇప్పుడది మారింది. అంగన్‌వాడీ పక్కింట్లో ఇఫ్ఫత్ అనే అమ్మాయి ఉంటుంది. ఇంట్లోనే మిషన్ కుడుతుంది, జోయా అని మూడేళ్ల కూతురు. సింధు వారం రోజులు ఆమెను కూర్చోబెట్టుకుని గొట్టం పని నేర్పింది. తర్వాత రోజూ పొద్దున హన్వికను అక్కడ దింపి కాలేజీకి పోయేది, నాలుగింటి పాల వేళకు వచ్చి తీసుకుపోయేది.

అంగన్‌వాడీ వంటగది కిటికీ సరిగ్గా ఇఫ్ఫత్ వరండాలోకి తెరుచుకుంటుంది. సిద్దమ్మ ఇక్కడ ముప్పై మంది పిల్లలకు గుడ్లు ఒలిచి పెడుతుంటే, అక్కడ తన మనవరాలికి పరాయి పిల్ల పాలు పడుతుంది. పదింటికి ఒకసారి, ఒంటిగంటకు ఒకసారి. ఆ రెండు వేళలకూ సిద్దమ్మ పొయ్యి తగ్గించి కిటికీ దగ్గర నిలబడేది. ఇఫ్ఫత్ ఏదో పాట కూనిరాగం తీస్తే హన్విక నవ్వేది. ఆ నవ్వు చూసిన రోజు సిద్దమ్మకు అన్నం దిగలేదు. మొగుడు పోయిననాడు కూడా ఆమె ఇంతగా కుమిలిపోలేదు. అది తలుచుకుని తన మీద తనకే సిగ్గేసేది. సిగ్గు వేసినా మర్నాడు మళ్లీ కిటికీ దగ్గరే ఉండేది.

ఇట్లా నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు ఒంటిగంట కావస్తుండగా ఇఫ్ఫత్ అంగన్‌వాడీ గుమ్మంలోకి వచ్చింది. కుడి అరచేతికి తడిగుడ్డ చుట్టుకుంది.

"పెద్దమ్మా, జర రా. నూనె మీద పడ్డది. వేళ్లు ముడుస్తలేవు. హన్వికకు టైం అయితున్నది."

"సింధుకు ఫోన్ జెయ్యి," అంది సిద్దమ్మ.

"జేసిన. ఎత్తుతలేదు. ఐలేషన్న గూడ ఎత్తుతలేడు. నువ్వు పట్టు, నేను పక్కనుండి చెప్త."

"నన్ను ముట్టద్దన్నది."

"ఎరుకే. ఆలస్యమైతే పిల్ల మత్తుగైతది పెద్దమ్మా. తర్వాత నేను మాట్లాడ్త."

సిద్దమ్మ పిల్లలను టీచరుకు అప్పగించి వెళ్లింది. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది. హన్వికను దిండుకు ఏటవాలుగా ఆనించింది. గొట్టానికి సిరంజి తగిలించి కొద్దిగా వెనక్కి లాగి చూసి, వచ్చినదాన్ని మళ్లీ లోపలికి వదిలింది. నెట్టే కాడ తీసి పక్కన పెట్టింది. ముందు కొన్ని నీళ్లు, తర్వాత పాలు. పాలు వాటంతటవే దిగేలా సిరంజిని పిల్ల పొట్టకు జానెడు ఎత్తున పట్టుకుంది. మధ్యలో హన్విక దగ్గింది. సిద్దమ్మ వెంటనే సిరంజి కిందికి దించి, పిల్ల నెమ్మదించాక మళ్లీ ఎత్తింది. చెప్పడానికని నోరు తెరిచిన ఇఫ్ఫత్‌కు ఒక్క మాటా చెప్పవలసిన అవసరం రాలేదు.

పాలు అయిపోయాక ఇఫ్ఫత్ అడిగింది. "ఎవరు నేర్పిన్రు పెద్దమ్మా?"

"నువ్వే. ఆ కిటికీలకెళ్లి రోజు చూస్తున్న."

"నేర్సుకుందామనా?"

సిద్దమ్మ సిరంజి ఎత్తి పట్టుకుంది. చివరి నీళ్లు పోస్తూ అంది. "కాదు బిడ్డా. నువ్వు ఎన్నడు తప్పు జేస్తవా అని చూసిన. తప్పు దొరికితే సింధుకు చెప్దామని."

ఇఫ్ఫత్ చేతి గుడ్డ సర్దుకుంది. "దొరికిందా?"

"ఒక్కటి. ఆఖరుకు నీళ్లు తొందరగ పోస్తవ్."

ఇఫ్ఫత్ నవ్వింది. సిద్దమ్మ నవ్వలేదు. గొట్టం మూత బిగించి, పిల్ల వీపు మీద చెయ్యి ఆనించి, అరగంట దాకా కదలకుండా అక్కడే కూర్చుంది. గొట్టం అమర్చాక పిల్ల కడుపు తన చేతి మీదుగా నిండడం అదే మొదలు.

సాయంత్రం ఇఫ్ఫత్ జరిగినదంతా సింధుకు చెప్పింది, ఆ తప్పు సంగతి కూడా. సింధు ఇంటికొచ్చి పిల్లను, గొట్టాన్ని రెండుసార్లు చూసుకుంది. ఏడింటి పాల వేళకు సిరంజి తెచ్చి అత్త చేతికిచ్చింది. "నా ముందట పట్టు, చూస్త." చూసింది. అయ్యాక సిరంజి తానే కడిగి పెట్టింది. ఆ తర్వాత ఒంటిగంట పాలు సిద్దమ్మవి అయ్యాయి, పదింటివి ఇఫ్ఫత్‌వి. గొట్టంలో జావ పొయ్యనని సిద్దమ్మ ఒట్టు వేయలేదు, సింధు అడగనూ లేదు.

హన్వికకు మూడేళ్లు నిండాయి. ఏడాదిన్నర పిల్లంత ఉంటుంది. మాటలు మాత్రం గలగలా వస్తాయి. పోయిన శ్రావణంలో, ఇఫ్ఫత్ వరండాలో, జోయా తాను తింటున్న బెల్లం అటుకులు రెండు వేళ్లతో తీసి హన్విక నోట్లో పెట్టింది. హన్విక నమిలింది, మింగింది, మళ్లీ నోరు తెరిచింది. ఆదివారం కావడంతో సింధు కూడా అక్కడే ఉంది. ఇఫ్ఫత్ ఫోనులో ఫోటో తీసింది. సిద్దమ్మ లేచి బయటికి నడిచింది.

సింధు వెనకాలే వచ్చింది. "ఏమైంది అత్తమ్మా?"

"ఏం గాలే. సంబురమే." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నాకు కుళ్లుగున్నదే సింధూ. అన్ని సార్లు నోటికాడ ముద్ద పెట్టిన, తెరవలే. ఐదేండ్ల పిల్ల పెడ్తే మింగింది."

సింధు గోడకు ఆనుకుంది. "నాకు గూడ గట్లనే ఉన్నది," అంది. "దవాఖానల నేర్సుకున్ననాడు, ఇది ఒక్కటన్న నాకే వస్తది, నీకు రాదు అనుకున్న. ఊరి పిల్లలంత నీ దిక్కే ఉరుకుతరు. నా బిడ్డ గూడ నీ చేతికే అలవాటైతే నేనెందుకు అనుకున్న. నీకు నేర్పాల్సింది. కావాలనే నేర్పలే."

సిద్దమ్మ కోడలి ముఖంలోకి చూసింది. కోపం వస్తుందని ఎదురుచూసింది, రాలేదు.

లోపలి నుంచి ఇఫ్ఫత్ పిలిచింది, హన్విక ఇంకా అడుగుతోందని. ఇద్దరూ ఒకేసారి వరండా గుమ్మం వైపు కదిలారు. ఇరుకు గుమ్మం కావడంతో సిద్దమ్మ ముందు దూరింది.