నర్సింహులపేట దారిలో నలభై ఐదు సెకన్లు

రెండు వేల పదకొండు డిసెంబరులో నాలుగు దశల సైకిలు పందానికి నన్ను చీఫ్ కమిసేర్‌గా నియమిస్తూ ఉత్తర్వు వచ్చింది. అప్పటికి నేను హన్మకొండలో ప్రభుత్వ జూనియర్ కళాశాల ఫిజికల్ డైరెక్టరుని. సైకిలు పందాల్లో న్యాయనిర్ణేతను కమిసేర్ అంటారు. పరీక్ష రాసి ఆ అర్హత తెచ్చుకున్నవాళ్ళు మా వైపు చాలా తక్కువమంది. పందెం రోడ్డు మీద ఉన్నంతసేపూ చీఫ్ కమిసేర్ మాటే చివరి మాట. కలెక్టరు వచ్చినా, మంత్రి వచ్చినా గుంపును ఆపమనేది, వదలమనేది అతనే.

మొదటి దశ జనగామ నుంచి బచ్చన్నపేట మీదుగా చుట్టి మళ్ళీ జనగామకే. రెండోది జనగామ చుట్టుపక్కల పల్లెరోడ్ల మీద. మూడోది జనగామ, పాలకుర్తి, తొర్రూరు, నర్సింహులపేట దాటి మహబూబాబాద్. నాలుగోది మహబూబాబాద్ నుంచి భూపాలపల్లి. ఇప్పుడివి మూడు జిల్లాలు, అప్పుడు ఒకటే. జట్లు ఏడు, జట్టుకు ఐదుగురు. ఆరు జట్లవాళ్ళు సైకిలు తొక్కినందుకే నెలజీతం తీసుకునే ఉద్యోగులు. ఏడోది ఆతిథ్య జిల్లా జట్టు. దానికి జీతాలు లేవు, ఇద్దరికి సొంత సైకిళ్ళు కూడా లేవు.

ఆ జట్టులో గుగులోతు సక్రు ఉన్నాడు. నర్సింహులపేట దగ్గరి తండా. ఇంట్లో లంబాడీ మాట్లాడతాడు, మాతో తక్కువ మాట్లాడతాడు. కూలికి పోయిన డబ్బుతో పాత రేసు సైకిలు కొని, పత్తి బస్తాల లారీల వెనక తొక్కి తొక్కి తయారైనవాడు. ఒక ప్రభుత్వ శాఖ జట్టు కోచ్ తన జట్టుకు మనుషులను ఎంచుకోవడానికి ఆ పందానికి వచ్చాడు. ఏదో ఒక దశలో మొదటి ఐదుగురిలో ఉన్నవాళ్ళను క్రీడాకారుల కోటాలో ఉద్యోగ ఎంపికకు పిలుస్తామన్నాడు. వయసు జనవరి ఒకటికి ఇరవై ఐదు దాటకూడదు. సక్రుకు వచ్చే ఫిబ్రవరిలోనే ఇరవై ఐదు నిండుతాయి. అంటే అతనికి ఇంకో ఏడాది లేదు. మొదటి రెండు దశల్లో తొమ్మిదో స్థానం, పన్నెండో స్థానం వచ్చాయి. మూడో దశ అతని సొంత రోడ్డు.

అది ఉద్యమకాలం. సకల జనుల సమ్మె ముగిసి రెండు నెలలైనా కాలేదు. ఎక్కడ రోడ్డు ఎప్పుడు మూస్తారో పోలీసులకూ తెలియదు. పందానికి ముందు మేము ప్రతి మండలం జేఏసీ వాళ్ళను కలిసి మాట తీసుకున్నాము. అందరూ ఒకే మాట చెప్పారు: "పందెం మనదే సార్, మేమెందుకు ఆపుతం." నర్సింహులపేట దారిలో వంటావార్పు మొదట మా మూడో దశ మరునాటికి పెట్టుకున్నారు. తరవాత ఎవరికో వీలుకాక ఒకరోజు ముందుకు జరిపారు. ఆ సంగతి మాకు చెప్పాలని ఎవరికీ తోచలేదు.

వంటావార్పు చూడనివాళ్ళకు చెబుతాను. రోడ్డు నడిమధ్య మూడేసి రాళ్ళు పెట్టి పొయ్యిలు వేస్తారు. అక్కడే వండుతారు, అక్కడే బంతులు తీరి తింటారు. బస్సులు, లారీలు ఆగిపోతాయి. వచ్చినవాడు ఎవరైనా, చివరికి అరెస్టు చేయడానికి వచ్చిన పోలీసైనా, తినకుండా పోవడానికి వీల్లేదు. అది నిరసన కూడా, మర్యాద కూడా.

మూడో దశలో సక్రు పాలకుర్తి దాటాక గుంపులోంచి ఒంటరిగా బయటపడ్డాడు. ముందున్నవాడికీ గుంపుకూ మధ్య ఎంత తేడా ఉందో కొలవడం మా పనిలో ముఖ్యమైన భాగం. ముందున్నవాడు ఒక గుర్తు దాటగానే గడియారం నొక్కుతాము, గుంపు అదే గుర్తు దాటినప్పుడు ఆపుతాము. ఆ అంకెను మోటారు సైకిలు వెనక కూర్చున్న మనిషి పలక మీద సుద్దముక్కతో రాసి ముందు సక్రుకు, తరవాత గుంపుకు చూపిస్తాడు. ఆ పని మా కళాశాల లెక్కల లెక్చరర్ యాదగిరిది. తొర్రూరు చౌరస్తాలో అతని గడియారమూ, నా గడియారమూ కలిశాయి: మూడు నిమిషాల ఇరవై సెకన్లు. ఆ తరవాత నేను గుంపు వెనక ఒక కిందపడ్డ ఆటగాడి దగ్గర ఆగాను. నర్సింహులపేటకు ముందున్న కల్వర్టు దగ్గర యాదగిరి ఒక్కడే కొలిచి, రేడియోలో చెప్పి, పలక మీద రాశాడు: నాలుగు నిమిషాల ఐదు సెకన్లు. తేడా పెరుగుతోంది.

కల్వర్టు దాటిన రెండు కిలోమీటర్లకు పొయ్యిలు వచ్చాయి.

సక్రు అక్కడికి చేరేసరికి జనం అతన్ని గుర్తుపట్టి, చప్పట్లు కొట్టి, వంట గంజులు పక్కకు జరిపి దారి ఇచ్చారు. అతను దాటగానే గంజులు మళ్ళీ మధ్యలోకి వచ్చాయి. వెనక వచ్చిన గుంపు అక్కడ ఆగిపోయింది.

దీనికి దగ్గరి నిబంధన రైల్వే గేటుది. ముందున్నవాడు దాటాక గేటు పడితే వెనకవాళ్ళ ఖర్మ, పందెం సాగుతుంది, ఎందుకంటే గేటుకు తనవాడు పరవాడు లేడు. ఇక్కడ గేటు వేసింది మనుషులు, మనిషిని చూసి వేశారు. కాబట్టి పందెం నిలుపుదల చేయాలి. సక్రును వెనక్కి పిలిపించి, ఒకే గీత మీద నుంచి ముందు అతన్ని, పాత తేడా గడిచాక గుంపును వదలాలి. ఆ నిర్ణయం సరైనదే. ఇవాళ అడిగినా అదే చెబుతాను.

జేఏసీ కన్వీనరు ఆ ఊరి భూస్వాముల ఇంటివాడు, నర్సింహారెడ్డి పటేల్. సక్రును వెనక్కి తెస్తున్నారని తెలిసి నా జీపు ముందు నిలబడ్డాడు.

"మన పోరడు ముంగట పోతాంటే వాపస్ పిలుస్తరా సారూ? మీది ఏ ఊరు?"

బచ్చన్నపేట అని చెప్పాను.

"బచ్చన్నపేటోళ్ళు గిట్ల మాట్లాడరే."

నిజమే. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నా యాస విని నవ్వినవాళ్ళ మధ్యే మీటింగుల్లో కూర్చున్నాను. ఒక్కో మాటా వదిలేస్తూ వచ్చి చివరికి పుస్తకంలా మాట్లాడటం నేర్చుకున్నాను. నేను ఎవరి మనిషినో నా నోరు విని తెలియకూడదని నా పట్టుదల. దాన్ని అర్హత అనుకునేవాణ్ణి, గర్వపడేవాణ్ణి కూడా.

సక్రు మూడు కిలోమీటర్లు వెనక్కి తొక్కుకుంటూ వచ్చాడు. పటేల్ చివరికి దారి ఇస్తానన్నాడు, కానీ షరతు పెట్టాడు: "తిన్నంకనే." నిలుపుదలలో ఆటగాళ్ళు ఏమి తినాలో, తినకూడదో ఏ నిబంధనా చెప్పదు. పెద్ద గరిటె పట్టుకున్న ముసలమ్మ ఒకామె నా అనుమానం కనిపెట్టింది.

"ఆకలితోని మా ముంగట నుంచి పోతె మా బువ్వకు ఏం ఇజ్జతున్నది బిడ్డా? కూసోమను."

ముప్పై నలుగురు ఆటగాళ్ళు, ఊరి కూలివాళ్ళు, ఇద్దరు కానిస్టేబుళ్ళు, నేను రోడ్డు మీద బంతి తీరాము. విస్తరాకుల్లో పప్పు, అన్నం, వంకాయ కూర. పందెంలో గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో వచ్చిన పంజాబు కుర్రాడొకడు చెంచా అడిగి, లేదంటే చేత్తోనే తిన్నాడు. సక్రుకు ముందు వడ్డించారు. అతను రెండు ముద్దలు తిని లేచి, కాళ్ళు చల్లబడకుండా సైకిలు పక్కనే నడుస్తూ ఉన్నాడు.

తిన్నాక సుద్దముక్కతో రోడ్డుకు అడ్డంగా గీత గీశాను. ఇక తేడా ప్రకటించాలి. అప్పుడు ఒక సంస్థ జట్టు మేనేజరు నా దగ్గరికి వచ్చాడు. విజయవాడవాడు, కృష్ణమూర్తి, నాకంటే పెద్దవాడు, పాత ఆటగాడు. చేతులు కట్టుకుని అడిగాడు. "మీ లెక్కే మా లెక్క సార్. కల్వర్టు దగ్గర కొలిచింది ఒక గడియారమా, రెండా అని మాత్రం తెలుసుకుందామని."

అంతే అడిగాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను తడుముకున్నాను. కొలిచింది యాదగిరి ఒక్కడే. యాదగిరిది ఇక్కడి ఊరు, నాది ఇక్కడి ఊరు, సక్రుది ఇక్కడి తండా, చుట్టూ ఇక్కడి జనం. పెద్ద అంకె చెబితే ఆరు జట్లూ ఏమనుకుంటాయి? కాకిపిల్ల కాకికి ముద్దు అనుకోరా? రెండు గడియారాలు కలిసిన లెక్కే నికరమని మా వాడుక. అది చేతికి అందింది, పట్టుకున్నాను. తేడా మూడు నిమిషాల ఇరవై సెకన్లు అని ప్రకటించాను.

యాదగిరి నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "సార్, కల్వర్టు కాడ నాలుగు నిమిషాల అయిదు సెకన్లు. పలక మీద రాసి అందరికి సూపెట్టిన గదా."

"ఒక్క గడియారం యాదగిరీ."

అతను పలక తుడిచాడు. గీత మీద నిలబడ్డ సక్రు అది చూశాడు.

"సార్, నాలుగున్నది గదా" అన్నాడు.

"రూలు" అన్నాను. ఈల ఊదాను.

అక్కడి నుంచి మహబూబాబాద్ ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. సక్రు తొక్కిన తొక్కు నేను అంతకుముందు చూడలేదు, తరవాతా చూడలేదు. కానీ నలుగురైదుగురు వంతులవారీగా గాలికి ఎదురు తొక్కే గుంపు ముందు ఒంటరివాడికి ప్రతి సెకనూ ఆస్తి. పట్టణంలోకి దిగేసరికి తేడా ఇరవై సెకన్లు. చివరి గీత మూడు వందల మీటర్లు ఉందనగా గుంపు అతన్ని పట్టుకుంది. ఐదుగురు అతని పక్కనుంచి దాటిపోయారు. సక్రు ఆరోవాడు. ఇంకో నలభై ఐదు సెకన్లు చేతిలో ఉంటే ఆ దశ అతనిదేనని చెప్పడానికి లెక్కల లెక్చరర్ అవసరం లేదు.

ఫలితాల కాగితం గోడకు అంటించాక అరగంటలోపు ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఆటగాడు ఇవ్వకూడదు, జట్టు మేనేజరు ఇవ్వాలి. జిల్లా జట్టు మేనేజరు స్థానిక నాయకుడు, మంచివాడే. సక్రు తనను అడిగాడనీ, తాను వద్దన్నాననీ నాతోనే చెప్పాడు. "సార్ మనోడే, మనోని మీద మనమే ఫిర్యాదు ఇస్తమా అని చెప్పిన సార్" అన్నాడు, నన్ను సంతోషపెట్టినట్టు. గోడ మీది గడియారంలో ఇంకా పది నిమిషాలున్నాయి. ఇవ్వమని నేను అనవచ్చు. అనలేదు. అరగంట అయ్యాక సంతకం పెట్టాను.

మరునాడు భూపాలపల్లిలో చివరి దశ ముగిసింది. సక్రు గుంపు మధ్యలో వచ్చి, వచ్చినట్టు సంతకం చేయడానికి నా బల్ల దగ్గరికి వచ్చాడు. సంతకం చేసి, కలం కింద పెట్టి అడిగాడు.

"యాదగిరి సార్ గడియారం తప్పు నడిచిందా సార్?"

"లేదు" అన్నాను.

"మరేమాయె?"

నేను తరవాతి పేరు కోసం కాగితం తిప్పాను. వెనక వరుస పెరుగుతోందని అతను పక్కకు తప్పుకున్నాడు. నాకు సిగ్గనిపించింది. ఉద్యోగంలో అంతగా సిగ్గుపడ్డ రోజు ఇంకొకటి లేదు.

సామాన్లు సర్దుకునేటప్పుడు కృష్ణమూర్తి వీడ్కోలు చెప్పడానికి వచ్చాడు. మూడో దశ మాట వచ్చింది. "మీరు మూడు ఇరవై అంటే ఆశ్చర్యపోయాను సార్" అన్నాడు. "కల్వర్టు దాటాడని రేడియోలో వినగానే నేనూ నొక్కాను. మా కారు కల్వర్టు దాటినప్పుడు ఆపాను. నా వాచీలోనూ నాలుగు నిమిషాలు దాటింది. రెండో గడియారం కావాలేమో, అడిగితే ఇద్దామని వచ్చాను. మీరు అడగలేదు."

"మీరైనా చెప్పకపోయారా" అన్నాను.

"చీఫ్ కమిసేర్ ప్రకటించాక మేనేజరు మాట్లాడకూడదు కదా సార్. మీ రూలే."

అతను అన్నది న్యాయమే. అతను వచ్చింది అభ్యంతరం పెట్టడానికని నేనే అనుకున్నాను. ఎక్కడివాడో చూసి అనుకున్నాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఉద్యోగ ఎంపికకు వచ్చిన ఆ కోచ్‌కు ఉత్తరం రాశాను. కల్వర్టు దగ్గరి రెండు గడియారాల లెక్క, ఎవరెవరు కొలిచారో, నేను దాన్ని ఎందుకు వదిలానో రాశాను. మర్యాదగా జవాబు వచ్చింది. తమ జాబితా ఫలితాల కాగితం ప్రకారమే ఉంటుందనీ, దాని మీద సంతకం నాదేననీ. అప్పటికి జనవరి వచ్చింది.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు చెప్పదగిన సంగతి ఇది. నేను సక్రు పక్షం వహించానన్న మాట పడకూడదని, అతని నలభై ఐదు సెకన్లు తీసి గుంపుకు ఇచ్చాను. నిష్పక్షపాతంగా కనిపించడానికి చేసే పని కూడా పక్షపాతమే, దాని మూల్యం ఎప్పుడూ మనవాడే చెల్లిస్తాడు. ఆ తరవాత రిటైరయ్యేదాకా పనిచేసిన ప్రతి పందెంలో, తేడా ప్రకటించే ముందు అక్కడున్న ప్రతి గడియారాన్నీ అడిగి, ఎవరు ఏమి చెప్పారో రాసుకుని, అప్పుడే నోరు తెరిచాను. ఆ పద్ధతి చాలామందికి పనికొచ్చింది. సక్రుకు పనికి రాలేదు.