మజ్రా జనాభా నలుగురు

కాక పోయిండన్న కబురు నాకు హిందీలో వచ్చింది. ఖతర్‌లోని లుసైల్‌లో ఒక ఆఫీసు ముందు వ్యాను ఆపి సామాను దింపుతుంటే, మజ్రాలో గొర్రెలు చూసే నేపాలీ భాయ్ ఫోన్ చేసి "కాకా ఖలాస్" అన్నాడు. ఏం ఖలాస్, డ్యూటీయా, బ్యాలెన్సా అని నేను ఇంకా పరాచికాలాడుతూనే ఉన్నాను. పొద్దున మోటరు పక్కన కుర్చీలో కూర్చున్న మనిషి టీ తెచ్చేసరికి లేవలేదట.

కాక నాకు చుట్టం కాదు. ఆయనది జగిత్యాల దిక్కు, మాది నిర్మల్ దిక్కు. నేపాలీలో కూడా కాక అంటే చిన్నాయనే కాబట్టి అక్కడ అందరికీ ఆయన కాకే. సూడాన్ నుంచి వచ్చినతను మాత్రం అదే ఆయన పేరనుకొని మర్యాదగా "మిస్టర్ కాకా" అనేవాడు.

ముందు మజ్రా సంగతి చెప్పాలి. మన దగ్గర పెద్ద ఊరికి శివారుగా ఉండే చిన్న పల్లెను రెవెన్యూ కాగితాల్లో మజరా అని రాస్తారు. ఏజెంటు "మజ్రాల పని, గడ్డికి నీళ్లు వెట్టుడే" అనగానే కాక సంబరంగా ఒప్పుకున్నది అందుకే. పెద్ద పట్నం మనకెందుకు, చిన్న ఊరైతే నాలుగిళ్లుంటాయి, పలకరించే మనుషులుంటారు అనుకున్నాడు. ఖతర్‌లో మజ్రా అంటే ఊరు కాదు, పొలం. బయట ఎడారి, లోపల కంచె, బోరు నీళ్లతో పశువులకు పెంచే గడ్డి. దిగిన రోజు కాక డ్రైవర్ని "ఊరేది?" అని అడిగితే, అతను చెయ్యి చుట్టూ తిప్పి చూపించాడట. నవ్వకండి. కొన్నేళ్ల తర్వాత అదే ఏజెంటు నోట అదే మాట విని నేనూ అచ్చం అలాగే బోల్తా పడ్డాను.

నేను దిగిన సాయంత్రం కాక నన్ను వెంటేసుకొని ఊరు చూపించాడు. వాళ్ల బాపు ఊళ్లో సుంకరి, అంటే సర్కారు పనులకు ఊరి నౌకరు. జనాభా లెక్కల సార్లు వస్తే ముందు నడిచి ఇల్లిల్లూ చూపించేవాడట. కాకది కూడా ఆ నడకే, చేతులు వెనక్కి కట్టుకొని. "తూర్పుకు తారు రోడ్డు, నడిస్తె గంట. పడమటికి ఏం లేదు. ఉత్తరానికి ఏం లేదు. దక్షిణానికి కంచె, కంచె అవుతల ఏం లేదు" అని హద్దులు చెప్పాడు. మేం పడుకునే రేకుల గది పడమటి వాడ. గొర్రెల కొట్టం తూర్పు వాడ. సిమెంటు నీళ్ల తొట్టి చెరువు. నడుమ గుండ్రంగా గడ్డి. దాని మీద పొడుగాటి ఇనుప పైపు గడియారం ముల్లులా తిరుగుతూ నీళ్లు చల్లేది. మిట్ట లేదు, పల్లం లేదు, చూపు ఎక్కడా తట్టుకోదు. అంత ఖాళీ చోట ఊపిరాడకపోవడం ఏమిటని మీరడగొచ్చు. నాకు మొదటి వారంలోనే ఆడలేదు.

నెలకోసారి, మొదటి శుక్రవారం, కాక తొట్టి గోడ మీద బొగ్గుతో జనాభా రాసేవాడు. "లెక్క నాడు ఎవడు ఏడుంటె ఆడ్నే రాయాలె. ఏడికెల్లి అచ్చినవ్, ఎప్పుడు పోతవ్ అని అడుగుడు లేదు." ఇది వాళ్ల బాపు మాట. నేను చూసిన మొదటి లెక్కలో మనుషులు 4, గొర్రెలు 62, పిల్లి 1 అని ఉంది. వేళ్లు మడిచి చూసుకున్నాను. నేపాలీ భాయ్, సూడాన్ అతను, వంట చేసే బంగ్లా అతను, నేను, కాక. ఐదుగురం.

"కాకా, ఒకటి తప్పింది."

"తప్పలే."

"మరి నిన్ను రాసుకోలేదు గద? ఏడున్నోన్ని ఆడ్నే రాయాలంటివి?"

"అది ఉండెటోనికిరా. నేను పొయ్యెటోన్ని" అని తన మంచం కింద చూపించాడు. తాడుతో కట్టిన కార్టన్ ఉంది. అందులో ఊళ్లో ఉన్న ఆయన భార్య, మా చిన్నమ్మ కోసం కొన్న దుప్పటి. చలికాలం పళ్లు టకటకలాడుతున్నా దాన్ని బయటికి తీసేవాడు కాదు, కట్టిన సామాను విప్పితే ప్రయాణం ఆగుతుందని.

ఆ ప్రయాణం ఎందుకు ఆగుతూ వచ్చిందో నాకు మెల్లగా తెలిసింది. రెండు పూటలా నీళ్లు పెట్టకపోతే ఆ ఎండకు గడ్డి వారం తిరక్కుండా ఎండుగడ్డి అవుతుంది. బదలీ మనిషి వచ్చి మోటరు నేర్చుకుంటే కాక సెలవు మీద పోవచ్చని ముదీర్, అంటే అక్కడి మేనేజరు, మాటిచ్చాడు. ఎప్పుడడిగినా "బుక్రా, ఇన్షాల్లా" అనేవాడు. బుక్రా అంటే రేపు. మొదట వచ్చిన బదలీ మనిషి వారానికే చెప్పకుండా వెళ్లిపోయాడు. రెండో బదలీ మనిషిని నేనే.

కాక నాకు మోటరు నేర్పిన తీరు ఏ బడిలోనూ చూడలేదు. కళ్లు మూసుకొని వినమనేవాడు. "దగ్గుతె నీళ్లు దిగినయన్నట్టు. మూలిగితె ఇసుక తట్టినట్టు. ఊకె గునుస్తె, ఏం లేదు, దాని గుణమే అంత, నీ లెక్క." నేను నిజంగానే గునిసేవాణ్ణి, పొద్దస్తమానం సణుగుడే. ఒక రోజు కోపమొచ్చి తారు రోడ్డు దాకా నడిచిపోయాను. అక్కడ నిలబడితే అటు ఎక్కడికి, ఇటు ఎక్కడికి? మళ్లీ గంట నడిచి వచ్చాను. కాక చెంబుతో నీళ్లిచ్చి, "రోడ్డు మంచిగున్నదా?" అని అడిగాడు.

అప్పుడే దోహాలో ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో డ్రైవరు పని దొరికింది. కంపెనీ మారొచ్చని రూలు వచ్చిన కొత్త. నేను పోతే కాక ఆగిపోతాడు. మూడు రోజులు ఆయన మొహం చూడలేదు. నాలుగో రోజు చెప్పాను. ఆయన మోటరు నూనె తుడుస్తూ విన్నాడు.

"నేను ఉన్నోన్ని ఉన్న. నువ్వన్న ఎల్లు బిడ్డా."

వెళ్లాను. ఆ నెల గోడ మీద మనుషులు 3 అని, పక్కన వలస 1 అని రాశాడట. కాక అక్కడ ఉండిపోయింది నేను వచ్చేసినందుకే. ఈ ముక్క ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు, మీకే చెబుతున్నాను. తర్వాత ఎన్నో శుక్రవారాలు అబూ హమూర్ మార్కెట్ నుంచి మామిడికాయలు, పచ్చిమిర్చి పట్టుకుపోయేవాణ్ణి. ఆయన తీసుకునేవాడు. నాకు మాత్రం ఆ గోడ వైపు చూడబుద్ధయ్యేది కాదు.

ఇంకొకటి. మజ్రా ఊరు కాదని కాక చిన్నమ్మకు చివరిదాకా చెప్పలేదు. ఫోన్లో "ఇయ్యాల తూర్పు వాడల ఇద్దరు పుట్టిండ్రు" అనేవాడు. పుట్టినవి గొర్రెపిల్లలు. "జరమొస్తె డాక్టరున్నడా?" అని ఆమె అడిగితే, ఉన్నాడనేవాడు. అదీ అబద్ధం కాదు, సూడాన్ అతను గొర్రెలకు సూదులేసేవాడు.

శవాన్ని ఇంటికి పంపే కాగితాలయ్యాక ఆఖరి చూపుకు ఆసుపత్రికి వెళ్లాం. మజ్రా వాళ్లు ముగ్గురు, నేను. ముదీర్ ఆ పూట గడ్డికి నీళ్లు ఆపించి వాళ్లను పంపాడు. ఆపొచ్చన్నమాట, అనుకున్నాను. బయటికొచ్చి చిన్నమ్మకు ఫోన్ చేశాను. గల్ఫ్‌లో ఏ దేశమైనా ఆమెకు దుబాయే.

"దుబాయ్‌ల ఒక్కడే పోయిండా కొడుకా? ఆ ఊరోళ్లు అచ్చిండ్రా?"

"అచ్చిండ్రు చిన్నమ్మా."

"అందరు అచ్చిండ్రా?"

"అందరు. ఊరు ఊరంతా అచ్చింది."

"మంచిగనే ఉన్నట్టున్నడు మనిషి" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

మొన్న శుక్రవారం మజ్రాకు పోయాను. ఈసారి గోడ చూశాను. నేను వెళ్లిన నెల నుంచి 3, 3, 3. చివరి రెండు నెలలూ 4. కొత్తవాడెవరైనా వచ్చాడా అని నేపాలీ భాయ్‌ని అడిగాను. ఎవరూ రాలేదన్నాడు. సెలవు మళ్లీ వాయిదా పడ్డ రోజు కాక కార్టన్ తాడు విప్పి, దుప్పటి తీసి కప్పుకున్నాడని, మర్నాడు శుక్రవారం లెక్క రాస్తూ గోడ దగ్గర చాలాసేపు నిలబడ్డాడని చెప్పాడు.

ఒక మనిషి తగ్గాడు కదా, దిద్దుదామని బొగ్గు తీశాను. నేపాలీ భాయ్, సూడాన్ అతను, బంగ్లా అతను, ముగ్గురు. లెక్క నాడు ఎవడు ఏడుంటె ఆడ్నే రాయాలె. నేనూ అక్కడే ఉన్నాను. నాలుగు నాలుగుగానే ఉంచి బొగ్గు కింద పెట్టాను.

పొద్దు వాలుతోంది, గడ్డికి నీళ్ల వేళ. మూడో బదలీ మనిషి ఇంకా రాలేదు. కాక కుర్చీ జరిపి మోటరు వేశాను. ఒకసారి దగ్గింది, తర్వాత గునుస్తూ అందుకుంది. అవతలి అంచున పైపు కదిలి, నీళ్లు చల్లుకుంటూ మెల్లగా నా వైపు తిరగడం మొదలుపెట్టింది.