చీనీ మాన్లకు తామర

మా ఆయన మా అమ్మకు సొంత తమ్ముడు. పెళ్లికి ముందు మామా అని పిలిచేదాన్ని, పెళ్లయ్యాక కూడా నోరు తిరగక అదే పిలుపు ఉండిపోయింది. ఆ చనువుతోనే తిడతాను కూడా. అయితే చీనీ తోట ఎండిన ఏడు తిట్టినంతగా ఇంకెప్పుడూ తిట్టలేదు.

మా తోట గండికోటకు పోయే దారి పక్కనే ఉండేది. మేమిద్దరం కాపురం పెట్టిన కొత్తలో నాటిన బత్తాయి చెట్లు, మా వైపు చీనీ అంటాం. ఆ చలికాలం ఆకులు పలచబడ్డాయి, కాయలు నిమ్మకాయంత కాకముందే రాలిపోయాయి. మాన్ల మీద బూడిదరంగు మచ్చలు లేచాయి, గుండ్రంగా, అంచులు పొక్కులు తేలి. మామ ఒకదాన్ని గోరుతో గీకి చూశాడు.

"తామరే ఇది. చెట్టు సారమంతా ఇదే తాగుతాండాది" అని తేల్చేశాడు.

మనిషికి తామర వస్తే ఏం చేస్తామో చెట్లకూ అదే చేశాడు. ఇంట్లోకి పట్టుకున్న బిందె నీళ్లలో వేపాకు కాచి, టెంకాయ పీచుతో మాన్లను రుద్దాడు. ఆరినాక సున్నంలో మైలుతుత్తం కలిపి పూశాడు. మొదళ్లన్నీ పెళ్లి పందిరి గుంజల్లా తయారయ్యాయి. తలెత్తి చూస్తే పైన ఆకు లేదు.

"కట్టెలకు సున్నం కొడతాండావా మామా? ఆ నీళ్లేవో వేర్లకు పోయరాదా?" అన్నాను.

"ఈ బిందెడు నీళ్లు వేర్లకు ఏ మూలకొస్తాయి? మచ్చ పోతే సాలు, చెట్టు దానంతటదే తిరుక్కుంటాది."

ఆ మాట నాకూ నమ్మాలనే ఉండింది. బోరు ఊసెత్తడం మా ఇంట్లో ఎప్పుడో మానేశాం. మోటారు వేస్తే కాసేపు దగ్గి, ఇంత బురద కక్కి ఆగిపోయేది. మచ్చలైతే కంటికి కనిపిస్తాయి, చేతికి అందుతాయి. భూమి అడుగున లేనిదాన్ని ఎవరు రుద్దగలరు?

చివరికి నేనే తోటల ఆఫీసరమ్మను పిలిపించాను. ఆమె ఒక మచ్చ మీద నాలుగు చుక్కల నీళ్లు చిలకరించింది. చూస్తుండగానే బూడిదరంగు పోయి పచ్చగా మారింది.

"ఇది తెగులు కాదన్నా, లైకెన్ అంటారు. బండరాళ్ల మీద కూడా ఉంటుంది చూడండి. బెరడు మీద కూర్చుంటుందే గానీ చెట్టును తినదు. ఆకు పలచబడి మాను మీద ఎండ పడుతోంది, అందుకే ఇంత పెరిగింది. మీరిట్లా రుద్దితే బెరడు లేచి బంక కారుతుంది, అది అసలు రోగం. దీన్ని వదిలేసి నీళ్ల సంగతి చూడండి."

నేను సంబరపడ్డాను. తెగులు కాదంటే ఎవరైనా సంబరపడాలి కదా. మామ ముఖంలో ఆ సంబరం లేదు. ఆమె వెళ్లిపోయినాక కూడా ఆయన గట్టు మీదే కూర్చుండిపోయాడు.

మర్నాడు పొద్దున్నే చూస్తే మళ్లీ పీచు పట్టుకుని మాను దగ్గరున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఆయమ్మ అంతగా చెప్పె గదా! రోగం ఒకటైతే మందు ఇంకొకటా?"

"ఇన్నాలే" అన్నాడు. బెరడు లేవకుండా మెల్లగా రుద్దుతూనే ఉన్నాడు. "ఇది గూడా చెయ్యొద్దంటే, పొద్దున లేసి నేను తోటకాడికి ఎందుకు రావల్ల?"

ఇంకో పీచు ముక్క తీసుకుని పక్క చెట్టు దగ్గర కూర్చున్నాను. దింపుడు కళ్లం ఆశ అంటారే, మాకు అదీ లేదు. ఊరికే చేతులు కదిలించాం, అంతే.

ఎండలు ముదిరేసరికి తోటంతా మోడు. కట్టెలవాళ్లు నరికి ట్రాక్టరుకెత్తుకుని పోయారు. పొయ్యిలోకని నాలుగు మొద్దులు గోడ వారన పెట్టుకున్నాం. మా చెయ్యి పడని చోట్ల వాటి మీద మచ్చలు అలాగే ఉన్నాయి.

తర్వాతెప్పుడో ఒక సాయంత్రం వాన పడింది, మట్టి వాసన లేపి పోయేంత. పొద్దున చూస్తే మొద్దుల మీద మచ్చలన్నీ పచ్చగా లేచి ఉన్నాయి. మామ ఒక మచ్చను వేలితో తడిమాడు.

"దీనికి ఈ పాటి తడి సాలిపాయ" అన్నాడు.

ఏం చెయ్యాలో తోచక లోపలికి పోయి, పీచు తెచ్చి చేతికిచ్చాను. తీసుకోలేదు.