వాగు అవతలి ఊళ్ళు

ఎనభైల చివర్లో అరకులోయలో ఆరోగ్యశాఖ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌గా, అందులో ఊరికో డైరెక్టరీ, అంటే ఫోల్డరు, చేసి జనం బ్లడ్ గ్రూపులు నమోదు చేసేవాణ్ణి.

ఒక వానరోజు పక్క ఆసుపత్రిలో అక్కకు కాన్పయి రక్తస్రావం ఆగలేదు. ఆమెది అరుదైన గ్రూపు. ఆ గ్రూపువాళ్ళ కోసం అన్ని డైరెక్టరీలూ వరసగా వెతికే చిన్న ప్రోగ్రాం, స్క్రిప్టు, నడిపాను. కరెంటు లేదు, జనరేటర్‌లో డీజిల్ అడుగంటింది. తెర మీద ఒక్కో ఊరే నింపాదిగా కదులుతోంది.

"అక్క సల్లబడిపోతందిరా, బేగి సూడు!" అంటూ అమ్మ ఆఫీసు గుమ్మంలో ఏడుస్తోంది.

కదులుతున్నవన్నీ వాగు అవతలి ఊళ్ళు. వాగేమో పొంగింది, పేరు దొరికినా మనిషి రాలేడు. ఆ ఊళ్ళను దాటేయమని స్క్రిప్టు మార్చాను. మరుక్షణం వాగు ఇవతల పక్క ఊరి మాస్టారి పేరు వచ్చింది. నాన్న ఆయన్ని సైకిలు మీద తీసుకొచ్చాడు.

అక్క బతికింది. కానీ ఆ రోజు వాగు అవతల ఎవరికైనా రక్తం కావలసి ఉంటే, వాళ్ళనూ అలాగే దాటేసేవాళ్ళం కదా? వాన పడితే ఇప్పటికీ ఆ ఊళ్ళ పేర్లే కళ్ళముందు కదులుతాయి.