ఖాలా తీయించిన తొవ్వ

గోదావరిఖనిలో మా బస్తీకి అందరికంటే ముందు వచ్చి గుడిసె వేసుకున్నది మా పక్కింటి ఖాలా. ఖాలా అంటే వాళ్ల భాషలో పిన్ని, పిల్లలమంతా అలాగే పిలిచేవాళ్లం. ఆమె భర్త బొగ్గుబాయిలో పనిచేసేవాడు. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడేది, గడప దాటితే మా తెలుగే. ఊళ్ల నుంచి బాయి పనికి వచ్చినవాళ్లకు జాగా చూపించి, వాళ్ల గుడిసె లేచేదాకా తన పొయ్యి మీదే వండిపెట్టేది. మా అమ్మానాన్నలు కూడా ఇక్కడ మొదటి ముద్ద ఆమె చేతివంటే తిన్నారట.

ఎనభైలలో ఒక వానాకాలం అమ్మకు నొప్పులొచ్చాయి. మా సందులోకి రిక్షా కూడా రాదు. ఖాలా చుట్టుపక్కల మగవాళ్లను పిలిచి, అమ్మను నులకమంచం మీద పడుకోబెట్టి, బురదలో పెద్దరోడ్డు దాకా మోయించింది. నేను ఏడుస్తూ ఖాలా కొంగు పట్టుకుని నడిచాను. దవాఖానలో చెల్లి పుట్టింది. తిరిగి వస్తుంటే ఖాలా, "గీ బస్తీకి తొవ్వ పడాలె బిడ్డా" అంది.

తొంభైలలో మున్సిపల్ ఎన్నికలొచ్చినప్పుడు మా వార్డు ఆడవాళ్లకు కేటాయించారు. బస్తీ అంతా ఒక్కటై ఖాలాను నిలబెట్టి గెలిపించింది. ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి రోడ్డు మంజూరు చేయించింది. తీరా కొలతలు వేస్తే చాలామంది ఇళ్ల ముందు భాగాలు అడ్డమొచ్చాయి.

"ఏందక్కా, ఓట్లేస్తే మా ఇండ్లే కూలగొడ్తవా?" అని ఒకాయన నిలదీశాడు.

"ముందుగాల నాది పడనియ్యి. తర్వాత నీది అడుగుత" అని ఖాలా గడ్డపార తెచ్చి పనివాళ్లకిచ్చింది.

పడగొట్టింది ఖాలా వాళ్ల ముందరి అర్ర, ఇంటికి ఉన్న పెద్ద గది. గుడిసె తీసేసి ఇల్లు లేపినప్పుడు ఆమె భర్త సెలవు రోజుల్లో తన చేతులతో కట్టుకున్నది. మొదటి షిఫ్టు దిగి వచ్చిన ఆయన ఆ ఇటుకల మీదే కూలబడ్డాడు. "నన్నొక మాట అడగొద్దా?" అన్నాడు దక్కనీలో.

"అడిగితే వద్దంటవని భయమైంది" అంది ఖాలా. ఆమె కళ్లలో నీళ్లు చూడటం నాకదే మొదటిసారి. ఆయన కొన్నాళ్లు ఆమె కట్టిన సద్ది ముట్టకుండానే బాయికి పోయాడు. ఆ మధ్యలోనే మిగతావాళ్లు ఒక్కొక్కరే తమ గోడలు వెనక్కి జరుపుకున్నారు.

రోడ్డు పడ్డాక మా బాబాయి పెళ్లికి బస్సు మా వాకిట్లోకి వచ్చింది. ఖాలా మా అమ్మతో కలిసి బస్సులో ఎక్కించడానికి పెళ్లికూతురి చీరల మూటలు సర్దుతోంది. ఆమె భర్త, ఒకప్పుడు తన అర్ర ఉన్న చోట నిలబడి, రెండు చేతులూ ఊపుతూ డ్రైవరుకు దారి చూపిస్తున్నాడు. "రానీ, రానీ! ఇంకా జాగ ఉన్నది, ఫికర్ చెయ్యకు!"